ఇంటూ మార్కుల ముఠా

“నేరస్తుడి మనసు నాకు అద్దంలో బొమ్మలా కనిపిస్తుంది బావమరిదీ. వాడు కన్ను ఆర్పేలోపు వాడి జాతకం మొత్తం చెప్పేస్తాను. ఈ వీధిలో నేరం చేసి నా నుంచి తప్పించుకున్నవాడు ఇంతవరకూ లేడు,” అన్నాడు మా బావ.

అది నిజమే. ఈ వీధిలో ఇంతవరకూ నేరం జరగలేదు. ఆ మాట అన్నప్పుడు అతని ముక్కు మీద రెండు జతల కళ్ళజోళ్ళున్నాయి. మూడోది ఎక్కడ పెట్టాడో వెతుక్కుంటున్నాడు.

మా బావ వృత్తి కళ్ళజోళ్ళు అమ్మడం. ప్రవృత్తి అపరాధ పరిశోధన. షాపు బోర్డు మీద ‘కళ్ళజోళ్ళు’ అని పెద్దక్షరాలూ, వాటి కింద ‘రహస్య పరిశోధనలు’ అని చిన్నక్షరాలూ ఉంటాయి. ఆ చిన్నక్షరాలు చదవగలిగినవాళ్ళకు కళ్ళజోడు అక్కర్లేదు. చదవలేనివాళ్ళకు లోపల డిటెక్టివు ఉన్నాడని తెలియదు. అందుచేత రెండు వ్యాపారాలూ ఒకే తీరుగా నడుస్తున్నాయి.

నేను కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెబుతాను. ఇతని వెంట ఎందుకు తిరుగుతానని నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. ఎదుటివాడి తెలివితక్కువతనాన్ని దగ్గరగా చూస్తే మనది చిన్నదిగా కనిపిస్తుందని ఒక సమాధానం దొరికింది. ఈ కేసుతో అది కూడా తప్పని తేలింది. దగ్గరగా చూస్తే రెండూ ఒకే సైజు.

మేముండే భవనానికి కింది అంతస్తు మీద నాలుగు అంతస్తులు. అందరూ ఉద్యోగాల మీదా బదిలీల మీదా తలో దిక్కు నుంచీ వచ్చి చేరినవాళ్ళే. ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగినవి పావురాలు మాత్రమే. భవనానికి ఒక లిఫ్టు ఉంది. ఉంది అంటే, కింది అంతస్తులో నోరు తెరుచుకుని నిలబడి ఉంది. పైకి వెళ్ళడం మానేసి చాలా నెలలైంది.

భవన సంఘానికి అధ్యక్ష ఎన్నిక వచ్చింది. ఇప్పటిదాకా అధ్యక్షుడిగా ఉన్న రిటైర్డ్ బ్యాంకు మేనేజరుగారు కింది అంతస్తులో ఉంటారు. సంఘం నిధితో ముఖద్వారానికి పాలరాతి కమాను కట్టించాలని ఆయన ముచ్చట. అదే నిధితో లిఫ్టు బాగుచేయిస్తానని నాలుగో అంతస్తు టీచరమ్మ పోటీకి దిగింది. మొదటి అంతస్తు పళ్ళ డాక్టరు కూడా నిలబడ్డాడు గాని, అది తన క్లినిక్కు ఇక్కడే ఉందని నలుగురికీ గుర్తుచేయడానికి.

టీచరమ్మకు లిఫ్టు దేనికో అందరికీ తెలుసు. వాళ్ళత్తగారికి తుంటి విరిగింది. ఆస్పత్రి నుంచి ఆవిణ్ణి స్ట్రెచరు మీద పైకి మోసుకెళ్ళారు. మళ్ళీ ఆవిడ కిందికి దిగలేదు. మెట్లు ఆవిడ వల్ల కాదు.

ఎన్నికల అధికారిగా మా బావను పెట్టారు. ఇంకెవరూ ఒప్పుకోలేదు. ఓటు చీటీని అతనే స్వయంగా రూపొందించాడు. పేర్లను అంతస్తుల వరసలో పేర్చాడు. అలవాటు కొద్దీ కళ్ళ పరీక్ష అట్టలాగే అచ్చు వేయించాడు. మేనేజరుగారి పేరు బెత్తెడు, డాక్టరుది అందులో సగం, అడుగున టీచరమ్మ పేరు చీమ తల అంత.

“దీని మీద ఏం చెయ్యాలో రాయలేదేంటండీ?” అని మా అక్క అడిగింది. అక్కంటే అతని భార్య.

“చదువుకున్నవాళ్ళకి ఓటెయ్యడం నేర్పిస్తామా? అవమానం కాదూ?” అన్నాడు బావ.

నేను కూడా తల ఊపాను. అది అచ్చుకు వెళ్ళేముందు నాకే చూపించాడు. మానవ స్వభావం గురించి ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పినవాడిని. నాకు అందులో కనిపించిన తప్పల్లా కాగితం కాస్త పసుపుగా ఉందని.

శనివారం పొద్దున్న పెట్టె తెరిచారు. బావ షాపులో గాజు బల్ల మీద చీటీలు పరిచేసరికి మేనేజరుగారు, టీచరమ్మ, నేను ముందుకు వంగాం. కొన్నిటి మీద టిక్కులున్నాయి. అవి బాగానే ఉన్నాయి. తక్కినవి చూడ్డానికి ఇంకాస్త వంగాం. కొన్నిటి మీద టీచరమ్మ పేరు పక్కన ఇంటూ మార్కులు. ఒకదాని మీద అంకెలు. ఒకదాని మీద రెండు పేర్లకు సిరా పులిమి ఉంది. ఒకటైతే చీటీయే కాదు, చించిన ముక్క.

“టిక్కులే ఓట్లు. మిగతావి చెల్లవు,” అన్నారు మేనేజరుగారు. టిక్కులు ఎక్కువ ఆయనకే ఉన్నాయి.

“ఇంటూ పెట్టినవాళ్ళు నాకు వేద్దామనే పెట్టారేమో సార్,” అంది టీచరమ్మ.

“ఇంటూ అంటే తప్పు అని పిల్లలకి చెప్పేది మీరే కదమ్మా.”

రోజూ ఎర్ర సిరాతో ఇంటూలు పెట్టే చెయ్యి కొంగు అంచుని నలుపుతూ ఉండిపోయింది.

అప్పుడు బావ గంభీరంగా లేచాడు. “రేపు సాయంత్రం దాకా గడువివ్వండి మేనేజరుగారూ. ఇది ఓట్ల కేసు కాదు. దీని వెనక రక్తం ఉంది.”

“సోమవారం మేస్త్రీలు వస్తున్నారు. రేపు సాయంత్రం అంటే సాయంత్రమే,” అని ఆయన వెళ్ళిపోయారు.

షట్టరు సగం దించి, బావ భూతద్దం తీశాడు.

“చూడు. టీచరమ్మ పేరు పక్కన ఇంటూ. ఇంటూ అంటే ఏమిటి? రెండు కత్తులు, ఒకదాని మీద ఒకటి.”

“రెండు గీతలు కూడా కావచ్చు బావా.”

“నీకు గీత కనిపిస్తుంది. నాకు గీసిన చెయ్యి కనిపిస్తుంది. ఇది చూడు. డాక్టరు దగ్గర ఒకటి, టీచరమ్మ దగ్గర రెండు, మేనేజరు దగ్గర మూడు. ఏమర్థమైంది?”

“ఏదో వరస.”

“చావు వరస. ముందు డాక్టరు పోతాడు. ఆ తర్వాత టీచరమ్మ. మేనేజరుని చివరికి ఉంచుకున్నారు. ఇదిగో, రెండు పేర్లని నల్లగా పూడ్చేశారు. పూడ్చడమంటే తెలుసుగా. ఇక ఈ ముక్క. తల ఒకచోట, మొండెం ఒకచోట.”

నేను నవ్వవలసింది అప్పుడే. కానీ నాకొక వృత్తి రోగం ఉంది. ఎదుటివాడికి కత్తి కనిపిస్తే, నాకు కత్తి పట్టుకున్నవాడి బాల్యం కనిపిస్తుంది. పేర్లు పూడ్చినవాడిలో అణిచిపెట్టిన కోపం ఉందన్నాను. చీటీ చించినవాడు చిన్నప్పుడు ఎవరికో దూరమయ్యాడన్నాను. బావ కళ్ళు మెరిశాయి. అవి మెరిసేకొద్దీ నా శాస్త్రజ్ఞానం పొంగింది.

“మరి దీని సంగతేంటి?” అని ఇంకో చీటీ తోశాడు. డాక్టరు పేరుకూ టీచరమ్మ పేరుకూ మధ్య పెన్సిలుతో ఒక చుక్క. భూతద్దంలో చూస్తే గాని కనపడదు.

“వీడు అందరికంటే ప్రమాదకరం. నిర్ణయం అంటే భయం. తల్లి చాటున పెరిగాడు. ఎవర్నీ నొప్పించకూడదనుకుంటాడు, చివరికి అందరికీ ద్రోహం చేస్తాడు. ఎవరైనా చూస్తున్నారంటే వీడి చేతిలో పెన్సిలు...”

అక్కడ ఆగిపోయాను. ఆ చుక్క నాది. ఓటు వేసేటప్పుడు వెనకాలే డాక్టరు నిలబడి ఉన్నాడు. నా పన్ను ఒకటి సగం వైద్యంలో ఆయన చేతిలో ఉంది. టీచరమ్మ వైపు బయలుదేరిన పెన్సిలు సగం దారిలో వాలిపోయింది.

“ఆగిపోయావేం? చెప్పు.”

“అంతే బావా.”

“ముఠా నాయకుడు వీడే,” అని బావ షాపు రసీదు వెనక నేను చెప్పిందంతా పొల్లుపోకుండా రాసుకున్నాడు. నా జీవితంలో నేను చేసిన అత్యంత ఖచ్చితమైన విశ్లేషణ అది. మనిషి ఎవరో తెలియలేదు గనక సాధ్యమైంది.

కాబోయే హతులను హెచ్చరించడం డిటెక్టివు ధర్మమట. నాలుగో అంతస్తుకు ఎక్కాం. మూడో అంతస్తులో బావ గోడకు ఆనుకుని, “ఇక్కడ ఆగి ఆధారాలు చూద్దాం,” అన్నాడు. ఆయాసం తగ్గేదాకా ఆధారాలు చూశాం.

టీచరమ్మ అత్తగారి మంచం కిటికీ పక్కన ఉంది. ఆ కిటికీలోంచి ఎదుటి భవనం నీళ్ళ ట్యాంకూ, కొంచెం ఆకాశమూ తప్ప ఇంకేమీ కనపడదు.

“పెద్దమ్మగారూ, కంగారుపడకండి. మీ ఇంటి చుట్టూ ఒక ముఠా తిరుగుతోంది,” అన్నాడు బావ.

“తిరగనీ నాయనా. ఇన్ని మెట్లెక్కి వచ్చేవాడు దొంగైనా సరే, కూర్చోబెట్టి కాసేపు మాట్లాడతాను. మీరొచ్చారు, సంతోషం. ఇద్దరిలో దొంగెవరు?”

“మేం ఎన్నికల విషయమై వచ్చామండీ,” అన్నాను.

“నా కోడలు ఓడిపోయిందా?”

టీచరమ్మ మంచినీళ్ళు ఇచ్చే నెపంతో మమ్మల్ని వంటింటి గుమ్మం దాకా తీసుకెళ్ళి, గొంతు తగ్గించింది. “లిఫ్టు వచ్చేస్తుందని ఆవిడకి మాటిచ్చేశానండీ. చెప్పుల జత కూడా తీసి తుడిపించుకున్నారు. రేపు కాదంటే ఏ మొహం పెట్టుకుని చెప్పను?”

“గుసగుసలొద్దు, నాకు చెవులు బాగానే ఉన్నాయి,” అని లోపలి నుంచి పెద్దావిడ అంది. “నన్ను కిందికి దించేది లిఫ్టో, నలుగురో, ఏదో ఒకటి రేపు తేల్చేయండి.”

ఆ మాటకు నవ్వింది ఆవిడ ఒక్కతే. దిగుతున్నప్పుడు బావ ఏదో సిద్ధాంతం చెబుతూనే ఉన్నాడు. నాకు మాత్రం మెట్లు కనిపించాయి. ఒక చుక్కని అర అంగుళం కిందికి పెట్టలేకపోయిన చెయ్యి జేబులో బరువుగా ఉంది.

డాక్టరును హెచ్చరించడానికి బావ ఒక్కడే వెళ్ళాడు. రహస్యం బయటికి పొక్కకూడదని రోగి వేషంలో కుర్చీలో పడుకున్నాడు. విషయం చెప్పడానికి నోరు తెరిచాడు. ఆ కుర్చీలో నోరు తెరిచినవాడిని మాట్లాడనిచ్చే అలవాటు ఆ డాక్టరుకు లేదు. బావ బయటికి వచ్చేసరికి ఒక పన్ను తక్కువగా ఉంది, బుగ్గలో దూది ఉంది.

“మాట్లాడనివ్వలేదు బావమరిదీ. ఎందుకంటావు? వాడికి ఏదో తెలుసు.”

“ఆ పన్ను పుచ్చిందా?”

“పుచ్చిందిలే. అది వేరే సంగతి.”

ఆదివారం సాయంత్రం కింది అంతస్తు హాల్లో అందరినీ సమావేశపరిచాడు. కుర్చీలు చాలక కొందరు మెట్ల మీద కూర్చున్నారు. మేనేజరుగారు మొదటి వరసలో, ఫలితం ప్రకటించడానికి గొంతు సవరించుకుంటున్నారు. టీచరమ్మ చివరి వరసలో, లేచి వెళ్ళడానికి వీలుగా. బావ ఒక బుగ్గ ఉబ్బిన మొహంతో లేచి, “ఈ గదిలో ఒక హంతకుడున్నాడు,” అన్నాడు. దూది వల్ల అది శ్రద్ధాంజలి ప్రసంగంలా వినిపించింది. ఇద్దరు ముగ్గురు మర్యాదకు లేచి నిలబడ్డారు.

“కాసేపు ఆగండి,” అని మా అక్క ఖాళీ ఫ్లాస్కుతో లోపలికి వచ్చింది. “ఈయన మొదలుపెడితే ఎప్పటికి ఆపుతారో నాకు తెలుసు. ఎవరికేం కావాలో చెబితే పొయ్యి మీద పెట్టేస్తాను.”

బావ షాపు రసీదుల వెనక టీ, కాఫీ, పాలు అని మూడు మాటలు రాసి తెచ్చింది. తలా ఒకటి పంచింది.

“ఇది విచారణ. హోటలు కాదు,” అన్నాడు బావ.

“విచారణకొచ్చినవాళ్ళకి నోరెండదా? మీరు కానివ్వండి.”

బావ ముఠాల చరిత్ర మొదలుపెట్టాడు. అక్క చీటీలు పోగుచేసి, గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్కటే చూసింది. రెండోదానికే ఆగింది.

“ఎవరండీ ఇది? కాఫీకి ఇంటూ పెట్టారు. కావాలా, వద్దా?”

“కావాలనే అక్కా,” అంది మూడో అంతస్తు నర్సు.

“కావాలంటే ఇంటూ ఏంటి?”

“మా వైపు కావలసినదానికి ఇంటూనే పెడతాం. ఓట్లకీ అంతేగా. టిక్కు పెడితే చెల్లదంటారు.”

బావ ముఠాల చరిత్రలో కొనసాగుతున్నాడు. అక్క ఇంకో చీటీ ఎత్తింది. “ఇది మరీ విడ్డూరం. టీ ఒకటి, కాఫీ రెండు, పాలు మూడు. ఆరు కప్పులు ఒక్కరే తాగుతారా?”

“నాదండీ,” అన్నాడు పళ్ళ డాక్టరు. “టీ ఇవ్వండి. టీ అయిపోతే కాఫీ. అదీ లేకపోతే పాలు. మా ఊళ్ళో సంఘాల ఎన్నికల్లో కూడా అంతే, ఇష్టం కొద్దీ నంబర్లు వేస్తాం. మనవాడు గెలవకపోతే మన రెండో మాట లెక్కలోకొస్తుంది. ఓటు దండగ కాదు.”

“ఇదేంటి, చించేశారు? ‘పాలు’ అని ముక్కొక్కటే ఉంది.”

“నాకు పాలే కావాలమ్మా,” అన్నాడు రెండో అంతస్తు బేకరీ ఆయన. “తక్కిన పేర్లు మీకెందుకు? జేబులో వేసుకున్నా. మా దగ్గర పేరుకో కాగితం ఉంటుంది, పెట్టెలో మనక్కావలసిన పేరు ఒక్కటే వేస్తాం. మిగతావీ వేస్తే ఎవరికి వేశామో తెలీక గొడవలైపోతాయి.”

“కనుక ఈ ముఠా సభ్యుల ఉమ్మడి లక్షణం ఏమిటంటే,” అన్నాడు బావ.

“మీరు కాస్త ఆగండి,” అంది టీచరమ్మ. లేచి నిలబడింది. నిన్నటి నుంచీ ఆవిడ గొంతు అంత గట్టిగా వినలేదు. “ఇంటూ అంటే కావాలని. నంబర్లంటే వరస. ముక్కంటే ఆ ఒక్కరే. నిన్నటి చీటీలు ఎక్కడున్నాయి?”

హాలంతా ఒక్కసారి లేచి, బావ ఆధారాలుగా చీటీలు పేర్చుకున్న బల్ల దగ్గరికి వచ్చింది. బావ దారికి అడ్డంగా నిలబడి, “ఎవరూ కదలకండి, హంతకుడు పారిపోతాడు,” అంటున్నాడు. అతణ్ణి జాగ్రత్తగా ఎత్తి పక్కన పెట్టారు.

ఇంతలో అక్క ఇంకో చీటీ పట్టుకుని నా వైపు తిరిగింది. “ఒరేయ్ తమ్ముడూ, టీకీ కాఫీకీ మధ్య ఈ చుక్కేంట్రా? చిన్నప్పటి నుంచీ నీకింతే. అన్నం కావాలా అంటే గోడకేసి చూసేవాడివి.”

బావ చెవులు నిక్కబొడుచుకున్నాయి. ముఠా నాయకుడి లక్షణాలు రాసుకున్న చీటీ జేబులోంచి తీసి, దూది లోంచి స్పష్టంగా, తల్లి చాటు నుంచి ద్రోహం దాకా, అందరి ముందూ చదివాడు. చదివి నన్ను చూశాడు. అందరూ నన్ను చూశారు. విశ్లేషణ సరైనదేనని ఎవరికీ సందేహం కలగలేదు. చుక్క రెండు పేర్ల మధ్య ఉంది గనక ఎవరికీ చెందదని తీర్మానించారు. నేను దాన్ని బలపరిచాను. జీవితంలో మొదటిసారి ఒక పక్షం వహించాను, అది నాకు వ్యతిరేకంగా.

లెక్క మళ్ళీ మొదలైంది. ఇంటూలు టీచరమ్మకు వెళ్ళాయి. బేకరీ ఆయన ముక్క టీచరమ్మకు. డాక్టరుకు పడింది ఆయన ఓటు ఒక్కటే. “నేను తప్పుకుంటున్నా, నా రెండో నంబరు ఆవిడకి రాసుకోండి,” అన్నాడు. మేనేజరుగారికీ టీచరమ్మకూ సరిసమానమైంది. మిగిలింది ఒక్కటే. పూడ్చిన చీటీ. మేనేజరుగారి పేరూ డాక్టరు పేరూ నల్లగా పులిమి, అడుగున చీమ తల అంత పేరు ఒక్కటి శుభ్రంగా వదిలేసి ఉంది.

“పులిమితే కావాలనా, వద్దనా? అది తేలాలి,” అన్నారు మేనేజరుగారు. “ఎవరిది అది?”

మా అక్క చేతిలో ఇంకా కొన్ని చీటీలున్నాయి. అందులో ఒకదాన్ని చూసి, అది ఇచ్చిన చెయ్యి ఎవరిదో గుర్తొచ్చి, గబుక్కున మడిచి ఫ్లాస్కు కింద పెట్టేసింది. “ఎవరిదో తెలీదండీ. అందరిదీ అయిపోయింది.” అక్కకు అబద్ధం ఆడటం రాదు. హాలు మొత్తం ఫ్లాస్కు వైపు చూసింది.

“దాచకమ్మాయ్. నాదే,” అంది మేనేజరుగారి భార్య.

ఆవిడ మొదటి వరసలో, ఆయన పక్కనే కూర్చుని ఉంది. “నాకు టీ వద్దు, పాలు వద్దు. రెండూ కొట్టేశాను. కాఫీ ఉంచాను. మా పుట్టింటి వైపు వద్దన్నవాళ్ళని కొట్టేస్తాం, కావలసినవాళ్ళని ముట్టుకోం.”

మేనేజరుగారు ఆవిడ వైపు తిరిగారు. ఆయన ఇల్లు ఆ హాలుకు ఎదురుగానే ఉంది. పది అడుగుల దూరం. ఆ క్షణంలో ఆయనకు అది చాలా దూరంగా కనిపించి ఉండాలి.

“నన్ను కొట్టేశావా?”

“మిమ్మల్ని కాదండీ, కమానుని. రోజూ మధ్యాహ్నం ఆ మెట్లెక్కి పెద్దావిడతో కబుర్లు చెప్పి వస్తున్నదాన్ని నేను. నా మోకాళ్ళు ఇంక ఎక్కనంటున్నాయి. మీ కమాను కింద నిలబడి నేనెవరితో మాట్లాడను?”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అది బావ షాపులోదే, తుడిస్తే ఇంకా మసకబారుతుంది. తర్వాత నెమ్మదిగా, “రాసుకోండి. చెల్లుతుంది,” అన్నారు. “మేస్త్రీలకి నేను చెప్పుకుంటాను.”

టీచరమ్మ చెప్పులు వదిలేసి మెట్ల వైపు పరిగెత్తింది. నాలుగు అంతస్తులూ ఆవిడ పాదాల చప్పుడు వింటూ నిలబడ్డాం. పైనుంచి పెద్దావిడ నవ్వు వినిపించాక మా అక్క పొయ్యి వెలిగించడానికి వెళ్ళింది.

“కేసు తేలింది. చీటీల మీద టీ కాఫీలు రాయించడంలో నా ఉద్దేశం నీకిప్పుడు అర్థమై ఉంటుంది,” అన్నాడు బావ నాతో.

“రాసింది అక్క.”

“కాగితాలెవరివి?”

లిఫ్టు బాగైన రోజున అందరం కింద నిలబడ్డాం. తలుపు తెరుచుకుంది. పెద్దావిడ తుడిచిన చెప్పులతో, ఒక చెయ్యి కోడలి భుజం మీదా ఒక చెయ్యి కర్ర మీదా వేసి, బయటికి అడుగుపెట్టింది. మేనేజరుగారి భార్య కుర్చీ వేసింది. ఆవిడ కూర్చుని వీధి చూసింది. సైకిళ్ళు, కుక్కలు, ఎదుటి షాపు ముందు బేరమాడుతున్న ఇద్దరు మనుషులు. ఎంతసేపు చూసినా ఆవిడకు తనివి తీరలేదు.

బావ సమయం చూసి పక్కన చేరాడు. కేసు మొదటి నుంచీ చెప్పాడు. కత్తులు, చావు వరస, తల, మొండెం, అన్నీ. ఆవిడ శ్రద్ధగా విని, “ఒక్క ఓటుతో నెగ్గిందన్నమాట,” అంది. “పెట్టె ఇక్కడ కింద పెట్టారు గనక నాకా యోగం లేకపోయింది. నువ్వైతే రోజంతా ఆ పెట్టె పక్కనే కూర్చున్నావట. నువ్వెవరికి వేశావు నాయనా?”

బావ నోరు తెరిచాడు. పన్ను లేని చోటు కనిపించింది. నోరు మూశాడు. రెండు జతల కళ్ళజోళ్ళూ ముక్కు మీద పైకి తోసుకున్నాడు.

“వెయ్యలేదా?” అన్నాను.

“కాపలా కాస్తూ... నేనూ ఈ భవనంలోనే ఉంటానన్న సంగతి...”

“పోనివ్వండి,” అంది మా అక్క టీ కప్పు అతని చేతిలో పెట్టి. “మీరు వెయ్యకపోవడమే మంచిదైంది. వేసి ఉంటే ఆ గుర్తేమిటో తేల్చలేక, పెద్దమ్మగారు ఇంకా పైనే ఉండేవారు.”